మెట్లమీది దీపం

మెట్లకు సగంలో ఆకుపచ్చ పరదా వేలాడుతోంది.

పరదాకు ఇవతల, కింది మెట్టు మీద, స్వామిదాసు. అవతల, పై మెట్టు మీద, అతని భార్య సారమ్మ.

మధ్యలో, పరదా అంచున, కాపలాకు కూర్చున్న జంగమ్మ.

మొయినాబాదు దగ్గరి ఆ జాగీర్దారు బంగళాలో పై అంతస్తు జనానా. మగపురుగు అడుగు పెట్టకూడదు.

స్వామిదాసు కింద ఇంజను గదిలో డైనమో నడుపుతాడు.

పది నెలల కింద కొడుకును కన్న బేగంకు పాలు పడలేదు. రెండు నెలల బాలింత సారమ్మకు పైనుంచి పిలుపొచ్చింది. చంకలోని బిడ్డ మేరీని చేవెళ్లలో అత్త ప్రేమమ్మకు అప్పజెప్పి, ఆమె ఈ మెట్లెక్కింది.

మళ్లీ దిగలేదు.

పాలిచ్చే మనిషి మొగుడి ముఖం చూడకూడదు, మాట వినకూడదు. పాలు వేడి చేస్తాయని పైవాళ్ల నమ్మకం.

ఈ వానలకు గోడ చెమ్మగిల్లి, మెట్ల దీపం స్విచ్చులు ముట్టుకుంటే జిల్లుమన్నాయి. కింద ఒకటి, పైన ఒకటి. ఎక్కడ వేసినా వెలగాలి, ఎక్కడ తీసినా ఆరాలి.

రెండూ మార్చమన్నారు.

యుద్ధం రోజులు. పట్నమంతా వెతికితే దొరికిన కొత్త స్విచ్చులు పాతవాటిలాంటివి కావు.

కిందిది స్వామిదాసే బిగించాడు. పైదానికి చెయ్యి సారమ్మది, మాట అతనిది. బేగం పట్నం వెళ్తూ ఆ ఒక్క పనికే సెలవిచ్చింది.

"తీగల ముచ్చటే మాట్లాడాలె. వేరే ముచ్చట తీస్తే ఆడికే బంద్," అని జంగమ్మ ముందే చెప్పింది.

ఇంజను నడుస్తోంది. దీపమే తిక్కగా ఉంది.

పైన సారమ్మ స్విచ్చు కిందికి వేస్తే, స్వామిదాసు వెలిగించగలడు, ఆర్పగలడు. ఆమె పైకి వేసిందంటే, అతను ఎంత టపటపలాడించినా చీకటే.

"ఇంకోపారి వెయ్యి."

వేసింది.

"మల్ల తియ్యి."

తీసింది.

"ఏడోపారి," అంది జంగమ్మ. "దీపం బుగ్గను చూస్తున్నవా, పెండ్లాం గాజుల చప్పుడు ఇంటున్నవా?"

"బుగ్గనే అవ్వా."

తప్పు ఎక్కడుందో అతనికి రెండోసారికే తెలిసింది.

"సారా, నేను దారం కట్టమన్న తీగ, బుగ్గకు పోయేది, ఏ స్క్రూకు బిగించినవ్?"

"పైదానికి. పాతదాంట్ల పైననే ఉండె గదా."

"కొత్తది గట్ల కాదు. దీనికి పక్కన నల్ల స్క్రూ ఉంటది, చూడు. ఆ తీగ దానికి పోవాలె. కింద నుంచి వచ్చే రెండు తీగలు మిగిలినవాటికి."

"నాకేమెరుక? ఏదైనా తీసిన కాడనే పెట్టాలె గదా."



అతను వెళ్లి ఇంజను ఆపి వచ్చాడు. పైన స్క్రూ కిర్రుమంటూ వదులైంది.

"ఇగో," అంది సారమ్మ. "నిలబడుతున్నదా?"

"ఏంది, తీగనా?" అంది జంగమ్మ.

కిర్రు చప్పుడు ఆగింది.

"తీగ కాదవ్వా."

జంగమ్మ నడుముకు దోపుకున్న సంచి తీసింది. ఆకు తీసింది. వక్క కోసం చాలాసేపు వెతికింది.

"ఈ ముదనష్టపు చెవు ఒకటి, ఉన్నట్టుండి ఇనపడదు," అని గోడవైపు తిరిగింది.

"గోడ పట్టుకొని నిలబడుతున్నది," అన్నాడు స్వామిదాసు గబగబా. "పండ్లు నాలుగొచ్చినయి. మేక తోక దొరికితే ఇడువదు. మేక అరుస్తది, ఇది నవ్వుతది."

పైన నవ్వో, ఇంకేదో.

"మాటలు?"

మొన్న ఆదివారం ప్రార్థన అయ్యాక అతను చేవెళ్లలో ఇంటికి వెళ్లాడు. పొయ్యి దగ్గర మేరీ నాయనమ్మ కొంగు పట్టుకుని లేచి నిలబడింది. ఆమె ముఖంలోకి చూసి "అమ్మ" అంది. ప్రేమమ్మ కొడుకువైపు చూడలేక పొయ్యి ఊదింది.

"ఇంక రాలే," అన్నాడు స్వామిదాసు. "నీకోసం ఆపుకున్నట్టున్నది."

"ఆపుకోనియ్యి," అంది సారమ్మ. ఆ గొంతులో ఎంత ఆశ! "రంజాన్ ఎల్లినంక చిన్నదొరకు పాలు మాన్పిస్తరట. వస్త. దాని నోట్లె మొదటి మాట నేనే ఇంట."

అతను స్క్రూలు తిప్పే పేచ్‌కస్‌ను చొక్కాకు తుడిచాడు. శుభ్రంగానే ఉంది. మళ్లీ తుడిచాడు.

"నల్ల స్క్రూ బిగిసిందా?"

"బిగిసింది."

ఇంజను మళ్లీ అందుకుంది. అతను పరుగున వచ్చి కింద వేశాడు. వెలిగింది. పైన ఆమె తీసింది. ఆరింది. ఆమె వేసింది. ఇతను తీశాడు.

"అయ్యింది గదా," అంది జంగమ్మ. "ఇగ లేవుండ్రి."

ఎవరూ లేవలేదు.

అతను వేశాడు. ఆమె తీసింది. అతను వేశాడు. ఆమె తీసింది. పరదా పచ్చగా వెలుగుతోంది, నల్లబడుతోంది.

జంగమ్మ ఆకు నములుతూ ఊరుకుంది.

పైన చిన్న మువ్వల చప్పుడు నేలమీద పాకుతూ దగ్గరికొచ్చింది. నిద్ర లేచిన చిన్నదొర, దీపాన్ని చూసి కిలకిలా నవ్వాడు.

"అమ్మా," అన్నాడు.

స్వామిదాసు చెయ్యి స్విచ్చు మీదే ఆగిపోయింది.

"వస్తున్న బిడ్డా," అంది సారమ్మ.