కామాలు లేని కీర్తన

"ఇల్లు ఖాళీ చేస్తున్నానమ్మా. ఇంటాయనకు కూడా చెప్పేశాను," అన్నాడు ప్రూఫ్‌రీడరు, చెల్లెలు చేతిలోని సంచి కింద పెట్టకముందే.

"వదిన పోయి ఏడాది తిరగలేదు. ఆవిడ చేతులతో సర్దుకున్న ఇల్లు. ఇదేం బుద్ధి అన్నయ్యా?"

"మీ వదిన పోలేదు." ఆయన గొంతు తగ్గించాడు. "మధ్యాహ్నం నడుం వాలిస్తే చాలు, బైబిల్లోని 'యెహోవా నా కాపరి' కీర్తన చదువుతోంది. గొంతు బొంగురుగా, చివరి రోజుల్లో ఉన్నట్టే ఉంటుంది. లేచి చూస్తే ఎవరూ ఉండరు."

"హవ్వ! చర్చిలో పెద్దమనిషివి, నువ్వే ఇలా మాట్లాడితే మిగతావాళ్ళ గతేం కాను?"

"నవ్వకు. బైబిలు బీరువాలో ఉంది. తాళంచెవి నీ దగ్గరుంది. మరి దేన్ని చూసి చదువుతోంది?"

చెల్లెలు నవ్వడం మానేసింది. ఆ తాళంచెవి వదిన సమాధి దగ్గరినుంచి రాగానే ఆయనే ఆమె చేతిలో పెట్టాడు. మళ్ళీ అడగలేదు.

దాని వెనక పెద్ద కథే ఉంది. ఆయన ఉద్యోగమంతా మిషన్ ప్రెస్సులో బైబిలు ప్రూఫులు దిద్దడమే. మూలప్రతితో సరిచూసే మనిషి ఎదురుగా కూర్చుంటే, అతనికి వినపడేలా గుర్తులతో సహా పైకి చదవాలి. 'కాపరి, కామా... ఫుల్‌స్టాప్... పేరా.' అలా చదివీ చదివీ గ్రంథం నోటికొచ్చేసింది గానీ, గుండెలోకి ఒక్క మాటా దిగలేదు. అచ్చుతప్పు దొరికిన రోజే ఆయనకు ఆనందం. రిటైరయ్యాక ఇంటి ప్రార్థనలోనూ అదే వరస. ప్రెస్సు మానినా ప్రెస్సు రోగం మానదుగా!

భార్య పద్ధతి వేరు. బఠానీలు ఒలుస్తూ ఒకే వచనాన్ని పొద్దుగూకేదాకా గొణుక్కునేది. కాపరి కీర్తనలో శత్రువుల ఎదుట దేవుడు బల్ల వేసి భోజనం వడ్డించే మాట రాగానే గలగలా నవ్వేది. "ఆడపడుచు చూస్తుండగా నాకు విందన్నమాట! భలే దేవుడండీ!" ఆడపడుచు ఇంట్లో ఉంటే ఇంకాస్త గట్టిగా నవ్వేది. ఇద్దరికీ అదో సరదా.

మంచం పట్టాక ఆమె ఒకటే కోరింది. "ఒక్కసారి కామాలు లేకుండా చదవండి. నాకోసం." ఆయన మొదలుపెట్టాడు. తొలి మాటకే 'కామా' అని నోరు జారింది. ఆమె చిన్నగా నవ్వి కళ్ళు మూసుకుంది. ఇక తెరవలేదు.

"నన్ను క్షమించలేదమ్మా, అందుకే తిరుగుతోంది," అన్నాడాయన.

"నీ గొంతేంటి, అలా పట్టేసింది?"

"ఏమో. లేచేసరికి నాలుక పిడచకట్టుకుపోతోంది. నీళ్ళు పక్కనే పెట్టుకుంటున్నా."

చెల్లెలు కొంగు బిగించింది. "సరే. ఇవాళ నేనిక్కడే కూర్చుంటా. నాకూ వినిపిస్తే నేనే సామాను కట్టిస్తా. వినిపించకపోతే కిమ్మనకుండా ఈ ఇంట్లోనే ఉండాలి. సరేనా?"

భోజనాలయ్యాయి. ఆయన మంచం మీద వాలాడు. చెల్లెలు వదిన కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చుంది. కిటికీ తెర ఒకటే కొట్టుకుంటోంది.

కళ్ళు మూతపడ్డాయో లేదో, గొంతు రానే వచ్చింది. తొందర లేదు. ఒక్కో మాటనూ నాలుక మీద నిలుపుకుని, రుచి చూసి మరీ వదులుతోంది. ఆయనకు భయం కన్నా, అది ఎక్కడ ఆగిపోతుందోనన్న దిగులే ఎక్కువైంది. ఎన్నో ఏళ్ళు కళ్ళముందే ఉన్న, కీర్తనలోని ఆ పచ్చిక, ఆ నీళ్ళు ఇంత చల్లగా ఉంటాయని ఆయనకు తెలియనే తెలియదు. వడ్డించిన బల్ల దగ్గరకు వచ్చేసరికి గొంతు నవ్వింది.

ఉలిక్కిపడి లేచాడు. గది నిశ్శబ్దంగా ఉంది. చెల్లెలు కొంగుతో కళ్ళొత్తుకుంటోంది.

"విన్నావా?"

"విన్నాను."

"బల్ల దగ్గర నవ్వు?"

"అదీ విన్నాను."

"కామాలు?"

"ఒక్కటంటే ఒక్కటి లేదు."

ఆయన రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. "అయితే ఆవిడే. నేను చదివిపెట్టలేకపోయానని తనే చదువుకుంటోంది. నావల్ల కాదమ్మా, పద, సామాను కడదాం."

చెల్లెలు లేవలేదు. సంచిలోంచి తాళంచెవి తీసి ఆయన అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసింది.

"సామాను సంగతి తర్వాత. ముందు బీరువా తియ్యి."

"ఎందుకు?"

"కదిలిన పెదాలు నీవే, అన్నయ్యా."