మచ్చ ఉన్న తోలు

"అంత మనిషిని మీరు గాల్లోంచి పుట్టించానంటే ఎవడు నమ్ముతాడు, రెబ్ నోహెమ్?" అన్నాడు వెల్వెల్, యూదులు పెద్దవాళ్ళను మర్యాదగా పిలిచే పిలుపుతో, జైలు గదిలో ఇనప మంచం మీద కాళ్ళు ముడుచుకుని.

నోహెమ్ ఫ్రాద్కిన్ అరెస్టయిన నాటినుంచీ ఆఫీసరు వేస్తున్న ప్రశ్నా అదే. నోహెమ్ రాసిన చివరి కథలో ఒక ముసలి మేష్టారు, చెప్పులు కుట్టే కొట్టు వెనక గదిలో, యూదుల పిల్లలకు దొంగచాటుగా హీబ్రూ అక్షరాలు నేర్పుతాడు. ఆ మేష్టారు ఎవరు? ఈ దేశంలో ఇప్పుడు ఆ అక్షరాల ఖరీదు సైబీరియా. పేరు బయటపడితే మేష్టారితో పోదు. పిల్లల్ని పంపిన తల్లిదండ్రులూ వెనకే కట్టగట్టుకుని పోతారు.

"ఎవరూ లేరు, కల్పించాను" అన్నప్పుడల్లా ఆఫీసరు నవ్వాడు. నవ్వడూ మరి? ఫ్రాద్కిన్‌కు ఊహ లేదని విమర్శకులంతా రాసిందే. నోహెమ్ కూడా దాన్ని కొట్టిపారేయలేదు సరికదా, సభలెక్కి గొప్పగా చెప్పుకున్నాడు. "మా నాన్న తోళ్ళ వ్యాపారి. నేనూ అంతే. పశువును పుట్టించను. తోలు కొంటాను, పదును చేస్తాను, అమ్ముతాను." ఆ మాటే ఇప్పుడు మెడకు చుట్టుకుంది.

వెల్వెల్‌ను ఈ గదిలోకి తోసి కొద్దిరోజులే అయింది. కుర్ర రచయిత. కథలు రాసినందుకే పట్టుకొచ్చారన్నాడు. వచ్చిన రోజే, "ఇక్కడ వేరే పనేముంది, నాకు కథ కట్టడం నేర్పండి" అని వెంటపడ్డాడు. నోహెమ్ నేర్పుతున్నాడు.

"మచ్చలేని తోలు ఎవడూ కొనడురా అబ్బాయ్. అనుమానపడతాడు. మనిషైనా అంతే. ఎందుకూ పనికిరాని చిన్న లోపం ఒకటి పెట్టావా, వాడు నిజమైపోతాడు."

"ఇంకా?"

"సరుకు నువ్వు చూపించకు. లోపల దాచు. కొనేవాడు తనే వెతికి లాగాననుకోవాలి. అలా లాక్కున్నదాన్ని వాడు మళ్ళీ తూకం వెయ్యడు."

ఆ మధ్యాహ్నం వెల్వెల్‌ను విచారణకు పిలిచారు. సాయంత్రానికి తిరిగొచ్చి, కొట్టారంటూ పక్కటెముకలు పట్టుకుని మూలిగాడు. నోటినుంచి, జైలు తిండిలో ఎన్నడూ లేని, వేయించిన ఉల్లిపాయల వాసన. నోహెమ్ లేచి తన దుప్పటి తెచ్చి అతని భుజాల మీద కప్పాడు.

"మా పత్రికలో మీకో పేరుండేది, తెలుసా?" అన్నాడు వెల్వెల్ కాస్త తేరుకుని. "ఫోటో స్టూడియో అనేవాళ్ళు."

"స్టూడియోవాడే నయం. వాడికి జనం దండం పెడతారు. నా కథల్లోకెక్కినవాళ్ళు నేను వీధిలో కనబడితే చెప్పు తీసేవాళ్ళు."

"అదేగా నేననేది. మీకు కల్పించడం రాదు. ఒప్పుకోండి. సాటి రచయితను, నాకు చెబితే పోయేదేముంది? నేనూ మీతోపాటు లోపలున్నవాణ్ణేగా."

"వద్దురా. వినకపోతేనే నీకు మంచిది."

"పోనీలెండి. బతికి బయటపడితే నేనే రాస్తాను, ఫ్రాద్కిన్ ఆఖరికి అబద్ధాలు నేర్చాడని."

నోహెమ్ మొహం ఎర్రబడింది.

"ఒట్టు వెయ్యి" అన్నాడు.

"మా అమ్మ మీద ఒట్టు."

"అతనిప్పుడు ఈ ఊళ్ళో లేడు." అంతే అని ఆగిపోయాడు. వెల్వెల్ మంచం దిగి దగ్గరికి జరిగాడు.

"మరి?"

"వదిలెయ్యరా."

"రెబ్ నోహెమ్, సగం చెప్పి చంపకండి."

"ఎడమచెవి వినపడదు. అందుకని ఎవడు తప్పు చదివినా కుడిపక్క కూర్చున్నవాడికే దెబ్బలు." నోహెమ్ వీపు తడుముకున్నాడు. "నాకూ పడ్డాయి."

"పేరు?"

"పేరెందుకు నీకు?"

"పేరులేని మనిషిని ఎలా నమ్మమంటారు?"

నోహెమ్ కళ్ళు మూసుకున్నాడు. "పెర్చిక్. గెట్స్ల్ పెర్చిక్. తాష్కెంట్‌లో కూతురి పంచన ఉన్నాడు. తండ్రంటే దానికి పడదు. ముసలాడికి టీలో చక్కెర కూడా వెయ్యదు."

"చూశారా, మనిషి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు" అన్నాడు వెల్వెల్ నెమ్మదిగా. తర్వాత ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. నోహెమ్ గోడవైపు తిరిగి పడుకున్నాడు.

పొద్దున్నే కాపలావాడు వచ్చి వెల్వెల్‌ను సామాన్లతో సహా రమ్మన్నాడు. పోతూపోతూ అతను వెనక్కి చూడలేదు. దుప్పటి మాత్రం తీసుకుపోయాడు.

కొన్నాళ్ళకు ఆఫీసరు నోహెమ్‌ను పిలిపించాడు. ఎన్నడూ లేనిది కుర్చీ చూపించి, టీ పోయించాడు.

"మావాళ్ళు తాష్కెంట్‌కు బయల్దేరారు. కొట్టు వెనక గదుల గొడవ ఇక మాకక్కర్లేదు. ఇన్నాళ్ళు అనవసరంగా దెబ్బలు తిన్నారు, ఫ్రాద్కిన్. రచయిత అన్నవాడు ఎవడిదగ్గరో ఒకడి దగ్గర వాగకుండా ఉండగలడా?"

"ముసలివాడు" అన్నాడు నోహెమ్ తలెత్తకుండా. "కొట్టకండి."

"అది వాడి జవాబుల్ని బట్టి. దొరక్కపోతే మాత్రం ఆ బాకీ మీరు తీర్చాలి."

"తెలుసు."

తిరిగి గదికి తీసుకుపోతుంటే నడవాలో మరో ఖైదీ ఎదురొచ్చాడు. ఖైదీలు ఒకరి మొహం ఒకరు చూడకూడదని కాపలావాడు నోహెమ్‌ను గోడకు తిప్పి నిలబెట్టాడు. నోహెమ్ నుదురు గోడకానించాడు. భుజాలు అదిరాయి.

"ఏడవకు తాతా" అన్నాడు కాపలావాడు. "ఇక్కడ అందరూ ఎవడో ఒకడి పేరు చెప్పేస్తారు."

గెట్స్ల్ పెర్చిక్, నోహెమ్ తన జన్మలో కల్పించిన మొట్టమొదటి మనిషి.