నారు తొక్కిన బొమ్మ

కృష్ణకు వరదొచ్చి, వేసిన నాట్లన్నీ కుళ్లిపోతే, జనం మళ్లీ నారు తెచ్చి నాటుకున్న ఏడాది అది. నాట్లేస్తున్న తెరేసమ్మ గట్టెక్కి, తౌసిఫ్ చేతిలో బొమ్మ లాక్కుంది.

"మేం నాటిన నారు మేమే తొక్కుతున్నామేంటండీ ఇందులో?"

తౌసిఫ్ బెజవాడ గవర్నర్‌పేటలో షాపుల బోర్డులు రాస్తాడు. సెలవు దొరికితే బస్సెక్కి ఊళ్లు తిరుగుతూ బొమ్మలేసుకుంటాడు. పొద్దుటి నుంచీ ఎండలో కూచుని వేసిన రంగులింకా ఆరలేదు.

"తొక్కడమేంటమ్మా?"

"నాటేవాళ్లు వెనక్కి నడుస్తారు బాబూ. మీరేమో అడుగు నారు మీదకి వేయించారు."

"ముందుకి నడిస్తేనే బొమ్మకి కళ. రేపు పొద్దున బెజవాడలో పోటీకి ఇవ్వాలి. అంత పట్టిపట్టి ఎవరు చూస్తారు?"

"నాటేవాళ్లెవరూ రారనేగా?"

చేలోంచి మేస్త్రి మరియదాసు కేకేశాడు. "ఇచ్చెయ్యి తెరేసమ్మా. పట్నం నుంచొచ్చినాయన."

"పట్నం నుంచొస్తే నారు తొక్కొచ్చా అన్నా? వరద తినేసినా మళ్లీ నాటాం. మాకు నాటడమే రాదని నలుగురికీ చూపిస్తాడా? ఇవ్వను."

మళ్లీ గీసే టైం లేదని చెప్పబోయి, తౌసిఫ్ మడి వైపు చూశాడు. పొద్దుటి నుంచీ తను వంగిన నడుములు చూశాడు, చీరల రంగులు చూశాడు. ఆ ఆడవాళ్లు వెనక్కి జరుగుతూ జరుగుతూ తను కూచున్న గట్టు దాకా వచ్చేశారు. అది మాత్రం ఇప్పటిదాకా తన కంటికి ఆనలేదు.

"ఉంచుకో అక్కా," అన్నాడు. "రేపెక్కడ నాటుతారు?"

మర్నాడు పొద్దున, బెజవాడలో పోటీకి బొమ్మలు తీసుకునే వేళకి, అతను పక్క చేలో మోకాలి లోతు బురదలో నిలబడి, వెనకడుగుకి బురదలోంచి పైకి లేచిన తెరేసమ్మ మడమలు ముందుగా గీస్తున్నాడు.