లేడీస్ సింగిల్స్

“ఆ పుస్తెలతాడు తీసి పో బిడ్డా,” అంది ప్రేమమ్మ. పొద్దటి నుంచి చెప్పి చెప్పి ఆమె నోరు నొప్పి పుట్టింది.

“తియ్యనంటే తియ్య అమ్మమ్మా! పెండ్లయి రెండు నెల్లు కాలే. మా అత్త జమ్మికుంట నుంచి ఆట చూడనీకి వస్తది. మెడ బోసిగ కనబడితే ఊకుంటదా?”

ఆరాధన పక్కింటి బెంజమిన్ మనవరాలు. రేపు కరీంనగర్‌లో జిల్లా టెన్నిస్ ఫైనల్ ఆడబోతోంది. చిన్నప్పుడు దాని చేతికి మొదట రాకెట్ ఇచ్చింది ప్రేమమ్మే. పంతొమ్మిది వందల యాభైల చివర్లో, మిషన్ కాంపౌండు కోర్టులో తెల్ల దొరసానులు పెట్టిన పోటీలో వరసగా మూడేళ్ళు గెలిచి, కప్పును శాశ్వతంగా ఇంటికి తెచ్చుకున్న మనిషి మరి! ఇప్పుడా కప్పుకు సొట్టలు, ఆమెకు మోకాళ్ళ నొప్పులు. ఒంటరి ప్రాణం. కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. ఇంకెన్నాళ్ళు ప్రభువా అని రోజూ ప్రార్థనలో విసుక్కుంటుంది. ఈ పిల్ల గెలుపొక్కటి చూస్తే చాలు.

“పోనీ, ఎవ్వరన్న అడిగితే పెండ్లి గాలేదను.”

“అబద్ధమాడాల్నా? సండే స్కూల్ల పాఠం చెప్పింది నువ్వే గద!”

“నా మాటిను. పెండ్లయిందని ఎర్కయితే పేరు కొట్టేస్తరు. ఫైనల్ దాకొచ్చి ఆగమైతవు.”

ముసలిదానికి నిజంగానే భయం పట్టుకుంది.

గోడవతల దగ్గు వినిపించింది. భార్య పోయినప్పటి నుంచి బెంజమిన్‌కు ఆ గోడే కాలక్షేపం.

“పోరిని పరేషాన్ చెయ్యకు ప్రేమమ్మా! నీకు ఆట తప్ప మనుషులు కనబడరు. మూడో కప్పు అని ఉరికినవు, గా వారమే అయిన నా పెండ్లికి గూడ రాలే!”

“ఎన్నిసార్లంటవు గా ముచ్చట? జర పండుకో,” అని ప్రేమమ్మ కళ్ళు మూసుకుంది. ఆ దెప్పిపొడుపు విని విని అలసిపోయింది.

ఆరాధన దగ్గరికి జరిగింది. “పెండ్లయితే ఆడనియ్యరని ఎవరు చెప్పిండ్రు నీకు?”

“ఒకరు చెప్పేదేంది? పోటీ పేర్లనే ఉంది. లేడీస్ సింగిల్స్! ఆడిన దొరసానులు ఒక్కరు గూడ పెండ్లయినోళ్ళు కాదు. అందుకే గద సింగిల్స్ అన్నరు.”

ఆరాధన పొట్ట పట్టుకుని నవ్వింది.

“అయ్యో అమ్మమ్మా! గీ దిక్కు ఒక్కరు, గా దిక్కు ఒక్కరు ఆడితే సింగిల్స్! ఇద్దరిద్దరు ఆడితే డబుల్స్! పెండ్లికీ దానికీ ఏం సంబంధం? పదిమంది పిల్లల తల్లి గూడ ఆడొచ్చు!”

“గంతేనా?” అంది ప్రేమమ్మ.

“గంతే! తాతా, విన్నవా?” అంటూ ఆరాధన గోడ దగ్గరికి పరుగెత్తి ఆ ముచ్చటంతా నవ్వుతూ చెప్పింది.

గోడవతల బెంజమిన్ నవ్వలేదు. కనీసం దగ్గలేదు. ప్రేమమ్మ అటు చూడలేక తల దించుకుంది.

ఆ రూలుకు భయపడే, అప్పట్లో మూడో కప్పు దాకా తమ పెళ్ళికి ఆగమని ఆమె బెంజమిన్‌ను బతిమాలింది.