కార్డు మీద రాదు

భర్త కూల్‌డ్రింకు సీసాలు సూపర్‌మార్కెట్ కౌంటరు మీద పెట్టాడు.

"డాక్టరుగారు..." అంది భార్య నెమ్మదిగా.

అతను చూసిన చూపుకి మిగతా మాట మింగేసింది.

కౌంటరావిడ అతని పాదానికున్న కట్టు చూసింది. తర్వాత భార్య ముఖం చూసింది. సీసాలు పక్కకు నెట్టింది.

"ఇవి కార్డు మీద రావు."

"ఎందుకు రావు? ప్రభుత్వం కార్డులో నెలనెలా డబ్బేసేది తిండికేగా?"

"ఇది తిండా? కేకులూ రావు. పప్పు, కూరలు, గుడ్లు తీసుకోండి."

"నీ అబ్బ సొమ్మా?"

"మా అబ్బ సొమ్మయితే మీకెందుకిస్తానండీ!"

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. భార్యకు తల కొట్టేసినట్టయింది.

ఇంటికొచ్చాక ఆ కోపమంతా ఆమె మీదే.

లారీ పని పోయాక అతనికి తీపే లోకమైంది. ఒంట్లో చక్కెర తగ్గకపోతే పాదం తీసేయాలని డాక్టరు చెప్పాడు. ఆ సంగతి ఆమె ఇంట్లో ఒక్కసారి ఎత్తింది. కంచం గోడకు తగిలింది. మళ్లీ ఎత్తలేదు.

చేతిలో చిల్లిగవ్వ లేదు. ఆ కార్డే గతి, ఆ కౌంటరే గతి.

వారం వారం అదే తంతు. "రావండీ." వరసలో నవ్వులు. సంచిలో పప్పూ, కూరలూ.

ఒకరోజు కట్టు విప్పిన నర్సు ఆశ్చర్యపోయింది. "పుండు మానిపోతోందే! గట్టిదానివమ్మా, బాగా కట్టడి చేశావ్."

తనేం చేసిందో ఆమెకు తెలియలేదు. తల దించుకుంది.

కుంటకుండా నడవగలిగిన రోజు అతను నేరుగా షాపు మేనేజరు గదికి వెళ్లాడు.

"మీ కౌంటరావిడ నలుగురిలో మా పరువు తీస్తోంది."

"నిజమేనా అమ్మా?" మేనేజరు భార్యను అడిగాడు.

ఈసారి ఆమె భర్త వైపు చూడలేదు. ఆ నవ్వులు ఇంకా చెవుల్లో ఉన్నాయి.

"నిజమే సార్."

తర్వాతి వారం కౌంటరులో కొత్తావిడ ఉంది. భార్య అలవాటుగా పప్పూ, కూరలూ కౌంటరు మీద పెట్టింది.

"సీసాలు ఎటూ రావుగా!" గొణిగాడు భర్త.

"ఎవరన్నారండీ? అన్నీ వస్తాయి. అలాంటి రూలెప్పుడూ లేదు."

"మరి ఆవిడ?"

"అందుకేగా తీసేశారు! అందరికీ ఇచ్చేదట. మీకొక్కరికే రావని చెప్పేదట. ఏం పగో ఏమో!"

భర్త ముఖం వెలిగిపోయింది. "విన్నావా? పో, రెండు కేసులు పట్రా."

ఆమె పప్పు పొట్లం పట్టుకుని అక్కడే నిలబడింది.

"నీకే చెప్పేది!"

ఇన్నేళ్ల కాపురంలో తను అనలేకపోయిన 'వద్దు' అన్న ఆ ఒక్క మాటను వారం వారం తన బదులు అంటూ వచ్చిన మనిషిని తన నోటితోనే పంపించేసుకున్నానని, సీసాల వైపు నడుస్తుంటే ఆమెకు అర్థమైంది.