రామక్క లాగిన్

ధర్మవరం చేనేత సంఘం ఆఫీసులో ప్రసాద్ 2009లో ఒక సర్వర్ పెట్టాడు. మగ్గాల మీద ముసలివాళ్లు పాడిన పాటలు రికార్డు చేసి అందులో దాచాడు. అందరికీ ఒకటే పాస్‌వర్డ్ కావడంతో ఎవరో తెలియక కొన్ని చెరిపేశారు. మళ్లీ పాడించుకుందామంటే పాడినవాళ్లు బతికి లేరు. అందుకే ఒక రాత్రి ఒక్కడే కూర్చుని, సర్వర్‌ను ఆఫీసు డైరెక్టరీకి, అంటే సిబ్బంది పేర్ల పట్టికకు కలిపి, అందులో పేరున్నవాళ్లకు మాత్రమే తెరుచుకునేలా చేశాడు.

తన పేరుతో లాగిన్ అయ్యాడు. స్పీకర్లో, మగ్గం నేసే ముసలామె రామక్క పాడిన పాట మోగింది. ప్రాణం కుదుటపడి, హాయిగా కుర్చీలో వెనక్కి వాలాడు.

అప్పుడు చూశాడు. అదే పాట వింటున్నట్టు తెర మీద ఇంకో పేరు కూడా ఉంది. రామక్క.

తనతో పనిచేసే అరుణకు ఫోన్ చేశాడు. "డైరెక్టరీలో రామక్క పేరు నువ్వేమన్నా చేర్చినావా?"

"ఆయమ్మ పోయి ఏడాదాయ గదప్పా! యాడో తప్పు పడింటాది, తీసేయ్."

వెతికాడు. డైరెక్టరీలో ఆ పేరే లేదు.

వింతగా, అతనికి భయం వేయలేదు. తన పాట తానే వింటోందిలే, పాపం అనుకున్నాడు. నవ్వొచ్చింది కూడా. పొద్దుపోయిందని స్పీకర్ ఆపేశాడు.

పాట ఆగలేదు. పక్కనున్న మగ్గాల గదిలో, చీకట్లో, తరువాతి చరణం మొదలైంది.