అయిదు నల్ల గ్లాసులు

"ఎవరో సెంటు పూసుకొచ్చారు," అన్నారు ముక్కుగారు గడప దాటకముందే.

షాపు యజమానురాలి అల్లుడు చెయ్యి గబుక్కున జేబులో దోపుకున్నాడు. "ఒక్క చుక్కే అంకుల్."

"వైన్ రుచి చూసే గదిలోకి సెంటా! షికారుకొచ్చావా బాబూ?"

ముక్కుగారికి అసలు పేరంటూ ఒకటుంది గానీ, ఇరవై రెండేళ్ళుగా ఆ వైన్ షాపులో దాంతో ఎవరికీ పని పడలేదు. పేరుమోసిన తోటల సరుకు డబ్బున్నవాడు ఎవడైనా కొంటాడు. ఆయన పనితనం అది కాదు. లావా గడ్డకట్టిన కొండవాలు, ఉప్పుగాలి కొట్టే దీవి, మధ్యాహ్నం దాకా పొగమంచు వదలని నదీలోయ... ఇలాంటి ఎవరూ తొంగిచూడని చోట్ల ఏ మొండిమనిషో పట్టుబట్టి చేసిన వైన్‌ని వెతికి, సగం ధరకే తెచ్చి, గుమ్మం పక్క అరలో పెట్టి, పైన తన చేత్తో చీటీ రాసి అంటించేవారు. చాలామంది ఆ అర కోసమే వచ్చేవారు. నేలమాళిగ తాళంచెవి ఎప్పుడూ ఆయన మెడలోనే వేలాడేది.

ఇప్పుడు దాని మీద యజమానురాలి కొత్తల్లుడి కన్ను పడింది. మూడు వారాల కోర్సు చేసి, సర్టిఫికెట్‌కి అద్దం కట్టించి మరీ తెచ్చుకున్న మనిషి. ఇవాళ అయిదు రకాల వైన్ పేరు తెలియకుండా రుచి చూడాలి. ఏది ఏ ప్రాంతానిదో, ఎవరి చేతిదో సరిగ్గా చెప్పినవాళ్ళదే ఇకనుంచి ఆ అర. తాళంచెవీ వాళ్ళదే.

ముక్కుగారికి మాత్రం వేరే బెంగ. పోయిన వారమంతా జలుబు. తగ్గిందేమో తగ్గింది గానీ, పోతూ పోతూ వాసన కూడా పట్టుకుపోయిందేమోనని భయం. 'సెంటు తెలిసిందిగా!' అని ధైర్యం చెప్పుకున్నారు. కానీ అల్లుడి సెంటు రాతిబొమ్మకైనా తెలుస్తుంది కదా అని మళ్ళీ నీరుగారిపోయారు.

బల్లమీద అంకెలు వేసిన కొత్త నల్ల గ్లాసులు అయిదు బారుగా ఉన్నాయి. రంగు చూసి మోసపోకూడదని ఆ ఏర్పాటు. పుక్కిలించి ఉమ్మే డబ్బా కూడా నల్లదే. నిన్న వాటి పెట్టె విప్పగానే, "అబ్బ, అట్టకంపు! ఇది పోయేదాకా వీటిలో చుక్క వైన్ పొయ్యకు," అని గోదాం చూసుకునే అక్కకి గట్టిగా చెప్పింది ముక్కుగారే. పోసే మనిషి మొహం చూసి జవాబు పసిగట్టేస్తారని, రుచి చూసేటప్పుడు ఆమె గదిలో ఉండకూడదన్నది ఆయనే పెట్టిన నియమం.

"పరీక్ష పదకొండింటికి కదమ్మా, ఇంకా ఇరవై నిమిషాలుందే?" అన్నారు ముక్కుగారు.

"గ్లాసులు నిండుగానే ఉన్నాయిగా, కానివ్వండి," అంది యజమానురాలు.

ముక్కుగారు ఒకటో గ్లాసు తిప్పి, ముక్కు దించి గట్టిగా పీల్చారు. ఏమీ లేదు. ఎక్కడో లీలగా అట్టకంపు, అంతే. నోట్లో పోసుకున్నారు. చల్లదనం తప్ప ఇంకేమీ తగల్లేదు. రెండోదీ అంతే, మూడోదీ అంతే. ఆయనకి ముచ్చెమటలు పోశాయి.

అల్లుడు కళ్ళు మూసుకుని తలాడించాడు. "ఆహా! ఒకటోది లావా కొండవాలు. ముగ్గురు అక్కచెల్లెళ్ళ తోట. పొగ, మిరియాలు, వెనకాలే తడిసిన గుర్రపు జీను."

"జీనే, జీనే," అంది జన్మలో గుర్రమెక్కని యజమానురాలు. "నాకైతే జీను కంటే కళ్ళెమే ఎక్కువ తగిలింది బాబూ."

"భలే పట్టారత్తయ్యా! కళ్ళెం చివర్లో వస్తుంది. రెండోది దీవి. ఉప్పు చూశారా, ఎలా తన్నుకొస్తోందో!"

"చేప కూడా."

నాలుగోది తాగి ఆవిడ కుర్చీలో వెనక్కి వాలిపోయింది. "అబ్బో, ఇది మహా ఘాటు! అప్పుడే తలకెక్కేసింది. గది గిర్రున తిరుగుతోంది."

"పద్నాలుగున్నర శాతం అత్తయ్యా, ఎక్కదూ మరి!"

ముక్కుగారు అయిదోది కూడా చూసి గ్లాసు దించారు. ఆ అయిదు రకాలనీ ఏరి తెచ్చింది తనే. ఏదో ఒకటి అనేస్తే పోయేది. కానీ తన చీటీ ఒక్కటీ నమ్మి, మారుమాట లేకుండా సీసా పట్టుకెళ్ళే జనం కళ్ళముందు మెదిలారు. అబద్ధమాడటానికి నోరు రాలేదు.

"మీరేమంటారు ముక్కుగారూ?"

"నాకు అయిదూ ఒకటేలా ఉన్నాయమ్మా. ఏ రుచీ లేదు." ఆయన గ్లాసు పక్కకి నెట్టారు. "నా ముక్కు పోయింది. ఇంక నేను ఎందుకూ పనికిరాను."

మెడలోంచి తాళంచెవి తీసి బల్లమీద పెట్టారు. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి మెడ బోసిగా అనిపించి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"వయసండీ అంకుల్, ఎవరం మాత్రం ఏం చేస్తాం," అంటూ అల్లుడు తాళంచెవి మెళ్ళో వేసేసుకున్నాడు. "అత్తయ్యా, రెండో నంబరే మన అరలోకి. నలభై పెట్టెలు చెప్పేస్తున్నా."

"చెప్పెయ్ బాబూ! ఈ ధరకి ఇంత గొప్ప వైన్ నేనింతవరకు తాగలేదు," అంది యజమానురాలు, తల పట్టుకుని తూలుతూ.

అంతలో తలుపు మోచేత్తో తోసుకుని, చేతుల నిండా సీసాలతో గోదాం అక్క ఆయాసపడుతూ వచ్చింది. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళనీ గ్లాసులనీ చూసి నాలిక్కరుచుకుంది.

"అయ్యో, అట్టకంపు పోవాలని పోసిన నీళ్ళు ఇంకా పారబొయ్యలేదండీ!"